మాట్లాడనివ్వడం, వినడం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలంటారు. మంచిగా మాట్లాడమని దాని అర్థం, నోరు మూసుకోమని కాదు. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణంలో ప్రతి పౌరుడికీ వాక్ స్వాతంత్ర్యం ఇచ్చింది. ఎందుకు ఇవ్వాలి? ఈ ప్రశ్నకు మన జిల్లాల్లోనే జవాబులున్నాయి.

మొదటిది నిజం కోసం. ఎదుటివాడి నోరు మూయిస్తే, అతని మాట నిజమైతే ఆ నిజాన్ని పోగొట్టుకుంటాం. తప్పయితే, మన మాట ఎందుకు ఒప్పో తెలుసుకునే అవకాశం పోగొట్టుకుంటాం. 1859లో జాన్ స్టూవర్ట్ మిల్ వాదన ఇది. సోంపేట బీలను చూడండి. థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం దాన్ని పనికిరాని భూమి అన్నారు. అది నీటి నేల, చేపలూ పంటలూ ఇచ్చే నేల అని రైతులు, మత్స్యకారులు చెబుతూనే ఉన్నారు. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ మాట ముందే విని ఉంటే?

రెండోది స్వపరిపాలన కోసం. మనల్ని మనం పాలించుకోవాలంటే, నిర్ణయానికి ముందు అన్ని వైపుల మాటా వినాలి. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, అక్కడి మాటలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. కానీ రాసుకున్నంత మాత్రాన విన్నట్టు కాదు. భావనపాడు దగ్గరి కాకరాపల్లిలో థర్మల్ కేంద్రం వద్దన్నవారిపై 2011 ఫిబ్రవరి 28న కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఒడిశాలోని నియమగిరిలో వేరేలా జరిగింది. 2013లో సుప్రీంకోర్టు విషయాన్ని గ్రామసభలకు పంపింది. పన్నెండు గ్రామసభలూ గని వద్దన్నాయి. గని ఆగింది. అక్కడ మాటకు బరువుంది.

మూడోది మనిషి గౌరవం కోసం. తన భాషలో చెప్పుకోలేనివాడికి హక్కు కాగితం మీదే ఉంటుంది. గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టింది అందుకే విలువైన పని.

మాట హద్దు దాటితే గొడవలొస్తాయి కదా అంటారు. నిజమే, హింసకు రెచ్చగొట్టే మాటకు 19(2) హద్దు పెట్టింది. అయితే అధికారికి నచ్చని మాట హింస కాదు.

ఇదే కొలత మనకూ వర్తించాలి. మన గ్రామసభలో ఆడవాళ్లు లేచి మాట్లాడితే ఎంతమంది వింటున్నాం? ఉద్యోగం వస్తుంది, ఫ్యాక్టరీ రానీ అన్న కుర్రాడిని 'అమ్ముడుపోయాడు' అంటే, మనమూ నోరు మూయించేవాళ్లమే. అతనికి జవాబు చెప్పాలి, ముద్ర వేయకూడదు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఇది తరగతి గదిలో మొదలవ్వాలి. 'ఎందుకు సార్?' అన్న పిల్లవాడిని కూర్చోబెట్టేయకండి. రేపు గ్రామసభలో లేచి నిలబడాల్సింది వాడే.