దీక్షలో ఉండి పెట్టిన టిక్కు



"అన్నా, ఆఫీసుకు దీక్షా వస్త్రాలతో వెళ్లొచ్చా? అక్కడ భక్తి గురించి మాట్లాడితేనే ఏదోలా చూస్తారు" అని మన చానెల్ చూసే తమ్ముళ్లు, చెల్లెళ్లు తరచుగా అడుగుతుంటారు. బట్టల సంగతి తొందరగా తేల్చేస్తాను. నచ్చిన మతాన్ని ఆచరించే హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలోనే ఉంది. ఆఫీసులో డ్రెస్ కోడ్ ఉంటే ముందే మేనేజర్‌తో మాట్లాడుకోండి. నేను మూడుసార్లు హనుమాన్ మాల వేసుకున్నాను, ఒక్కసారి కూడా ఎవరూ ఏమీ అనలేదు. తప్పు చేసింది నేనే. అది వీడియోలో చెప్పడానికి నోరు రాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాది కోరుట్ల. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తా. 2023లో కొండగట్టు చిన్న జయంతికి 41 రోజుల దీక్ష తీసుకున్నా. ఆ ఏడాది చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 6న వచ్చింది, మర్నాడే గుడ్ ఫ్రైడే. మార్చి చివర్లో రంజాన్ కూడా మొదలైంది. మా టీంలో నేను మాలలో ఉన్నా, జగిత్యాల నుంచి వచ్చిన ఒక క్రైస్తవ తమ్ముడు శ్రమకాలం ఉపవాసాల్లో ఉన్నాడు, ఇంకో ఇద్దరు రోజా ఉంటున్నారు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో మా టేబుల్ ఖాళీ. "మీవి 40, మావి 41, ఒక్కరోజు మేమే ఎక్కువ" అని ఆ తమ్ముణ్ని ఆటపట్టించేవాణ్ని.

మేం చేసేది ఆసుపత్రుల్లో మందుల ఆర్డర్లు నమోదు చేసే సాఫ్ట్‌వేర్. విడుదలకు ముందు ప్రతి టెస్టూ నడపాలి, నడిపినట్టు టిక్కు పెట్టాలి. మార్చి 31, శుక్రవారం సాయంత్రానికి నావి 11 టెస్టులు మిగిలాయి. "పాతవే కదా, పాస్ అని పెట్టెయ్" అని పైనుంచి మాట వచ్చింది. పెట్టేశా. నిజం చెప్పాలంటే పైవాళ్ల భయం కూడా కాదు. రూముకు పోయి చన్నీళ్ల స్నానం చేయాలి, దీపం పెట్టాలి, చాలీసా చదవాలి. పూజ టైం దాటిపోతోందన్న తొందరలో ఆ 11 అబద్ధాలూ రాశా!

జగిత్యాల తమ్ముడికి ఆరు మిగిలాయి. "నడపలేదన్నా, నడపలేదనే రాస్తా" అన్నాడు. గొంతు పెంచలేదు, తన మతం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. చీవాట్లు తిన్నాడు. శనివారం వచ్చి ఆ ఆరూ నడిపి పోయాడు. అప్పుడు నాకు వాడి మీద గౌరవం కలిగిందని రాస్తే బాగుంటుంది కానీ, నిజానికి కోపం వచ్చింది.

ఏప్రిల్ 5న మాల విరమణకు కొండగట్టు బయల్దేరి, దారిలో సిరిసిల్లలో మా మేనమామ దగ్గర ఆగా. మామ సాంచాల మీద పని చేస్తాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. షెడ్డులో ఆ చప్పుడుకు పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. నేను చూస్తుండగానే పడుగులో ఒక పోగు తెగింది. మామ సాంచా ఆపి, వంగి, తెగిన కొస వెతికి పట్టుకుని ముడేశాడు.

"ఒక్క పోగే కదా మామా?" అన్నా.

"గిట్ల ఇడిసిపెడితే తాను పొడుగూత గదే గీత పోతది అల్లుడా. ఏంది, దీక్షల ఉండి ముఖం గట్ల పెట్టినవ్?"

నేను మాట మార్చేశా.

షెడ్డు గోడ మీద మార్కండేయుడు శివలింగాన్ని వాటేసుకున్న పటం ఉంది. పద్మశాలీలు తమ వంశాన్ని ఆ మహర్షితోనే మొదలుపెడతారు. యముడి పాశం కథ మనందరికీ తెలుసు. అయితే భారతం అరణ్యపర్వంలో ఇదే మార్కండేయుడు ధర్మరాజుకు ఒక కథ చెప్తాడు. కౌశికుడనే బ్రాహ్మణుడు చెట్టు కింద వేదం చదువుకుంటుంటే కొంగ రెట్ట వేసింది. ఆయన కోపంగా చూశాడు, కొంగ చచ్చిపడింది. తర్వాత భిక్షకు పోతే ఒక ఇల్లాలు భర్తకు వడ్డిస్తూ ఆలస్యం చేసింది. మళ్లీ కళ్లెర్రజేశాడు. ఆమె, నేను కొంగను కాదు స్వామీ, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకు పోయి ధర్మవ్యాధుణ్ని అడుగు అంది. పోయి చూస్తే ఆయన మాంసం అమ్ముకుంటున్నాడు!

ఈ కథను భార్యలకు బుద్ధి చెప్పడానికి వాడేవాళ్లున్నారు, నాకది నచ్చదు. నాకు కుచ్చుకునేది ఆ దుకాణం. ధర్మవ్యాధుడు ఆశ్రమం కట్టలేదు. రక్తం, ఈగలు, బేరాలు ఉన్నచోటే నిలబడి అబద్ధమాడకుండా బతికాడు, ఇంట్లో ముసలి తల్లిదండ్రులకు సేవ చేశాడు. ఇక కౌశికుడు, కన్నవాళ్లను వదిలేసి చదువుకు వచ్చినవాడు. నీ వేదం సరే, ముందు ఇంటికి పో అని పంపించాడు ఆ వ్యాధుడు. నా చాలీసా, నా చన్నీళ్ల స్నానం గుర్తొచ్చాయి. ఆఫీసు దేవుడు లేని చోటని నేనే అనుకున్నా. అందుకే అక్కడ ఏం రాసినా దీక్షకు అంటదని ధైర్యం.

వేములవాడలో రాజన్న దర్శనం చేసుకున్నా. ఆ గుడి ఆవరణలోనే దర్గా ఉంది. కోడె మొక్కు చెల్లించినవాళ్లు అక్కడా ఆగి దండం పెట్టుకుని పోతుంటారు, అదేమీ వింతగా అనిపించదు మా వైపు. రాత్రికి కొండగట్టు చేరా. ఘాట్ రోడ్డు చూడగానే గుండె బరువెక్కింది. 2018 సెప్టెంబర్ 11న ఈ కొండ దిగుతూనే ఆర్టీసీ బస్సు లోయలో పడింది. అందులో వందమందికి పైగా ఉన్నారు, 60 మందికి పైగా చనిపోయారు. తప్పు ఎవరిదో తేల్చేవాణ్ని నేను కాదు. కానీ బండి కావచ్చు, మందుల లెక్క కావచ్చు, ఎవరో ఒకరు "చూశాను, బాగానే ఉంది" అని చెప్తేనే కదా ముక్కూముఖం తెలియని జనం నమ్మి ఎక్కేది.

తెల్లారి మాల తీసే లైన్లో వేలమంది స్వాములు. నా వంతు దగ్గరికొస్తుంటే చేతులు వణికాయి. పక్కకు తప్పుకుని ఫోన్ తీసి మెయిల్ రాశా: "ఈ 11 టెస్టులు నేను నడపలేదు, నడిపినట్టు తప్పుగా రాశాను." పంపించాకే మాల తీయించుకున్నా.

విడుదల వాయిదా పడింది. చీవాట్లు గట్టిగానే పడ్డాయి. ఆ ఏడాది రేటింగ్ తగ్గింది, దాంతో పాటే హైక్. స్వామి కాపాడాడు, ప్రమోషన్ వచ్చింది అని రాయడానికి ఏమీ లేదు.

శనివారం ఆఫీసుకు పోతే జగిత్యాల తమ్ముడు వచ్చి ఉన్నాడు. "నువ్వెందుకురా?" అంటే "ఇద్దరం అయితే జల్ది అయిపోతది కదన్నా" అన్నాడు. నడిపాం. 11కి 11 పాసయ్యాయి, ఒక్క తప్పు కూడా దొరకలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

టీ తాగొద్దాం పద అన్నా.

"రేపు ఈస్టర్ కదన్నా. రేపటి నుంచి తాగుతా" అన్నాడు.

శ్రమకాలం మొదలైనప్పటి నుంచి వాడు టీ ముట్టలేదట. ఇన్ని రోజులూ పక్క సీట్లో కూర్చున్న నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.