నూనెలోని నిప్పు

బాలలారా, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు నల్లరేగడి చేలలో, కరెంటు చేరని చోట్ల బావినీటిని తోడుటకు డీజిలుతో నడచు ఆయిలింజను చిరకాలముగా రైతునకు తోడ్పడుచున్నది. దానిని జూచినవారికి సహజముగా కలుగవలసిన సందేహ మొకటి కలదు: పెట్రోలు ఇంజనులో వలె రవ్వను పుట్టించు ప్లగ్గు దీనికి లేదు గదా, మఱి నిప్పెక్కడనుండి వచ్చుచున్నది? ఇది యంత్రశాస్త్రమునకు మాత్రమే చెందిన సందేహము కాదు. మన దర్శనకారులు తరతరములు వాదించిన ప్రశ్నయే.

ఇంజనును స్టార్టు చేయు విధమును దగ్గఱనుండి చూడుడు. రైతు ఒకచేత చిన్న లీవరు నెత్తిపట్టి, లోపలి గాలికి దారి విడిచి, రెండవచేత హ్యాండిలును త్రిప్పును. బరువైన ఫ్లైవీలు వేగము పుంజుకొనగానే లీవరును విడుచును. అంతట పిస్టను సిలిండరులోని గాలిని సుమారు 16వ వంతునకో 20వ వంతునకో అణచివేయును. సైకిలుకు గాలి కొట్టునపుడు పంపు అడుగున వేడెక్కుట మీరెఱిగినదే. ఇచ్చట ఆ వేడి 500 డిగ్రీల సెంటీగ్రేడును మించును. ఆ క్షణమున సన్నని రంధ్రములగుండ తుంపరగా చిమ్మబడిన డీజిలు, ఏ రవ్వయు సోకకయే, భగ్గున మండును. మండిన వాయువులు వ్యాకోచించి పిస్టనును నెట్టును. పొగ వెడలిపోయి మరల క్రొత్తగాలి ప్రవేశించును. ఆ మొదటి నిప్పునకు వలసిన వేడి యావత్తును రైతు భుజబలమునుండి వచ్చినదే. అరణిని మథించి అగ్నిని పుట్టించు ఋత్విజుని శ్రమకును దీనికిని నేను భేదమును కానను.

నువ్వులలో నూనె వలె, అరణులలో అగ్ని వలె పరమాత్మ మనలో గూఢముగా నున్నాడని శ్వేతాశ్వతరోపనిషత్తు బోధించును. కార్యము కారణమునందు ముందే యున్నదని సాంఖ్యదర్శనమువారు చెప్పగా, లేనిదే క్రొత్తగా పుట్టుచున్నదని న్యాయదర్శనమువారగు నైయాయికులు వాదించిరి. నిప్పు ముందే యున్నచో డ్రమ్ములోని డీజిలు ఏల చల్లగా నున్నది? లేనిచో, దాని స్థానమున నీటిని చిమ్మిన ఏల మండదు? ఈ సీమయందే తుంగభద్రాతీరమున, మంత్రాలయమున 1671లో బృందావనప్రవేశము చేసిన శ్రీ రాఘవేంద్రస్వామివారు అనుసరించిన మధ్వమతము, పుట్టుకకు ముందు కార్యము కారణరూపమున సత్తు, కార్యరూపమున అసత్తు అని చెప్పినది. సిలిండరు విషయమున ఈ సిద్ధాంతమే యుక్తమని నా నిశ్చయము. కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రములలోని సూక్ష్మజీవులు గ్రహించిన సూర్యశక్తియే డీజిలులో దాగియున్నది; జ్వాల మాత్రము, గాలియు వేడియు దానితో కూడువఱకు, ఎచ్చటను లేదు.

దాగిన ఆ శక్తి భూగర్భతైలమునకే పరిమితము కాదు. ఇట్టి ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫు డీజిలు 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున తన ఇంజనును జయప్రదముగా నడిపెను. 1900 నాటి పారిస్ ప్రదర్శనమున అట్టి ఇంజనొకటి, ఎట్టి మార్పును చేయకయే, మన చేలలో పండు వేరుసెనగల నూనెతోనే నడచినది. అది ఎంత సాఫీగా నడచెననగా, చూడవచ్చినవారిలో ఆ సంగతి నెఱిగినవారు కొలదిమందియే.