రాతిమీద లేని పేర్లు



భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైనది. రోడ్డు వేసినను, కార్యాలయము కట్టినను త్రోవప్రక్కను ఒక పలక నిలుపుట మన నాటి వాడుక. తెరచినవారి పేరు దానిమీద పెద్ద అక్షరములతో నుండును. మన్ను మోసిన కూలివాని పేరును, సింగరేణి గనిలోనికి దిగి ఈ ఊరిని పెంచిన కార్మికుని పేరును అందులో కానరావు. పలకమీద అబద్ధమేమియు లేదు గదా అని మీరనవచ్చును. అయితే అబద్ధమాడకయే పొరుగువానికి అన్యాయము చేయవచ్చునా? ఈ ప్రశ్నను కొంచెము ఆలోచింతము.

మనలో అనేకులు రైలెక్కుటకో, వైద్యమునకో సికింద్రాబాదు వెళ్లుదురు. ఆ పట్టణపు పుట్టుకను పలకమీద చెక్కవలెనన్న ఒక్క వాక్యము చాలును: నిజాము సికందర్ జా పేరట 1806లో ఈ పట్టణము వెలసెను. ఈ మాట నిజమే. కాని కథ అంతకు ముందే మొదలైనది. 1798లో అప్పటి నిజాము ఇంగ్లీషు కంపెనీతో సంధి చేసికొని, 6,000 మంది సిపాయిలను తన రాజ్యములో నుంచుకొనుటకును, అందుకై ఏటా 24 లక్షల రూపాయలకు పైగా ఇచ్చుటకును ఒప్పుకొనెను. హుస్సేను సాగరునకు ఉత్తరమున వారు దిగిన దండే పిమ్మట పట్టణమాయెను. 1800లో ఆ సైన్యపు ఖర్చు క్రింద బళ్లారి, కడప మొదలగు సీమలను నిజాము కంపెనీకి వ్రాసి యిచ్చెను. వాటినే దత్తమండలములనిరి. కాబట్టి హుస్సేను సాగరు గట్టును ఎన్నడును చూడని కడప రైతు కట్టిన శిస్తు ఆ పట్టణపు పునాదిలో నున్నది. అతని పేరు ఏ రాతిమీద నున్నది?

లేఖనములలో మొదటి పట్టణము కట్టినవాడు కయీను. దానికి అతడు తన కుమారుడైన హనోకు పేరు పెట్టెను. హేబెలు పేరు అక్కడ వినబడలేదు. అయినను నేల హేబెలు రక్తమును దాచలేదు, దేవుడును అతనిని మరువలేదు. యెహోషువ యొర్దానునుండి తెప్పించి గిల్గాలులో నిలిపిన రాళ్లను చూడుడి. అవి పండ్రెండు, గోత్రమునకొకటి. మిక్కిలి చిన్న గోత్రమునకును ఒక రాయి కలదు. పిల్లలు అడిగినప్పుడు దేవుడు చేసిన కార్యమును వారికి చెప్పుటకే అవి నిలువబడెను.

అట్లయిన పలకలన్నియు పగులగొట్టవలెనా? అక్కరలేదు. ఇచ్చినవారిని, నడిపించినవారిని గౌరవించుట న్యాయమే. రోమీయులకు వ్రాసిన పత్రిక చివర పౌలు ఎందరి పేర్లో చెప్పెను. ప్రయాసపడిన స్త్రీలను విడువలేదు. పత్రికను చేత వ్రాసిన తెర్తియుకును అందులో చోటు దొరకెను. పేరు వ్రాయుట పాపము కాదు. కొందరి పేర్లతో అందరి కష్టమును కప్పివేయుటే పాపము.

ఈ మాట మొదట నాకే చెప్పుకొనవలెను. నేను పూర్వము కాపరిగా నున్న యొక పల్లెలో మందిరము ప్రతిష్ఠించిన దినమున గోడకు పాలరాతి పలక అమర్చితిమి. పైన నా పేరు, క్రింద పెద్దల పేర్లు. గోడలు లేచినన్నాళ్లు బిందెతో నీళ్లు మోసిన ఒక వృద్ధ విధవరాలు ఆ పలక యొద్దకు వచ్చెను. ఆమెకు చదువురాదు. అక్షరములమీద వ్రేలు పెట్టి, “ఇండ్ల నా పేరు ఏడున్నది అయ్యగారూ?” అని సంతోషముతో అడిగెను. తన పేరు ఉండునని ఆమె నమ్మినది. నేను తలవంచుకొంటిని. మరుసటి యేడు ప్రతిష్ఠ పండుగనాడు రాయి, మట్టి, నీరు మోసినవారందరి పేర్లును ఆరాధనలో చదివించితిమి. ఆమె పేరే మొదటిది. వినుటకు ఆమె అప్పటికి లేదు.

సహోదరులారా, మీ సంఘములోను ఇట్టివారు నేడు బ్రదికి యుండగానే పెద్దలు కూర్చుండి వారి పేర్లు అడిగి పుస్తకములో వ్రాయుడి. వారు వినునట్లు చదువుడి. దేవుడే కట్టిన పట్టణముకొరకు మనము అబ్రాహామువలె ఎదురుచూచుచున్నాము. అక్కడి జీవగ్రంథములో మన పేర్లు వ్రాయబడుట కేవలము ఆయన కృపవలననే. కృపవలన పేరు పొందినవారు మరియొకరి పేరు మరుగుపరచ తగునా?

దేవుడు మనకు తోడైయుండును గాక. ఆమేన్.