మంత్రం మాటలోనా, ఉద్దేశంలోనా?

బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఒక మాంత్రికుడు మాయమై నిలబడ్డాడు. ఎదుట ఉన్న మాంత్రికురాలు అదృశ్యులను చూపించే ‘సీ ఇన్విజిబిలిటీ’ మంత్రం వేసింది. ఇప్పుడు అతను ఆమెకు స్పష్టంగా కనిపిస్తున్నాడు. అయినా దాడి చేసేటప్పుడు, కనిపించనివాణ్ణి కొట్టబోయినట్టే, ఆమె రెండు పాచికలు వేసి తక్కువ అంకెనే తీసుకోవాలా?

2014 నాటి నియమాల అక్షరార్థం ప్రకారం తీసుకోవాల్సిందే. అదృశ్యస్థితికి పుస్తకం రెండు లక్షణాలు విడివిడిగా చెప్పింది. చూపుకు అందకపోవడం ఒకటి, అలాంటివాణ్ణి కొట్టడం కష్టం కావడం మరొకటి. మంత్రం మొదటిదాన్ని తొలగిస్తుంది, రెండోదాని ఊసెత్తదు. అప్పట్లో నియమాల రూపకర్తల్లో ప్రధానుడైన జెరెమీ క్రాఫర్డ్ కూడా ఈ అర్థాన్నే సమర్థించాడు. చాలామంది ఆటగాళ్లకు అది మింగుడుపడలేదు. చివరికి 2024 నాటి కొత్త ప్రతిలో, చూడగలిగినవారి మీద ఆ లాభం పనిచేయదని స్పష్టంగా రాశారు.

లేని మంత్రం మీద ఇంత వాదన ఎందుకని కొట్టిపారేయడం సులువు. కానీ దీని వెనక గట్టి తాత్విక ప్రశ్న ఉంది. రాయి ఎలా పడుతుందో తెలియకపోతే విసిరి చూడవచ్చు, తీర్పు ప్రకృతే చెబుతుంది. మంత్రం విషయంలో అలా అడగడానికి ప్రకృతి లేదు. ఉన్నవి పుస్తకంలో ఒక వాక్యం, బల్ల చుట్టూ కూర్చున్న నలుగురైదుగురు మనుషులు, వారి మధ్య ఒక ఒప్పందం. ఆ వాక్యానికి అర్థం ఎవరు చెప్పాలి? దేన్ని ఆధారం చేసుకుని చెప్పాలి?

మాయాశక్తికి హద్దులు గీయడం ఈ ఆట పుట్టుకలోనే ఉంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల పేర్లతో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా పట్టణం నుంచి మూడు చిన్న పుస్తకాల పెట్టెగా ఇది వెలువడింది. మంత్రాల పద్ధతిని గైగాక్స్ జాక్ వాన్స్ కథల నుంచి తీసుకున్నాడు. 1950లో వచ్చిన ‘ద డయింగ్ ఎర్త్’లో మాంత్రికుడు మంత్రాన్ని కష్టపడి మనసుకు ఎక్కించుకుంటాడు. ఒకసారి ప్రయోగించగానే అది చెరిగిపోతుంది, మళ్లీ నేర్చుకోవాల్సిందే. కథలో అది వింత. ఆటలో మాత్రం అది న్యాయానికి ఏర్పాటు. మాంత్రికుడి శక్తి ఖర్చయిపోయేది కాబట్టే, రోజంతా కత్తి తిప్పగలిగే యోధుడికి అతని పక్కన చోటు దొరికింది.

అయితే సమతూకం అంటే లెక్కలు సమం కావడమేనా? 2014 నియమాల్లో మూడో స్థాయి మంత్రమైన ‘ఫైర్‌బాల్’ ఎనిమిది ఆరుముఖాల పాచికలంత గాయం చేస్తుంది. కొత్త మంత్రాలు తయారు చేసుకునేవారికి అదే సంవత్సరపు ‘డంజియన్ మాస్టర్స్ గైడ్’ ఇచ్చిన పట్టికలో, ఒకేసారి చాలామందిని తాకే మూడో స్థాయి మంత్రానికి సూచించింది ఆరు పాచికలే. అంటే ఆటలో అతి ప్రసిద్ధమైన మంత్రాల్లో ఒకటి ఆ పట్టిక గీసిన గీతను దాటి ఉంది. అయినా ఆట చెడిపోలేదు. నిప్పుల బంతి తాళం తీయదు, రాజుగారిని ఒప్పించదు, గాయపడ్డ తోటివాడిని బతికించదు. మిగిలినవారు చేయాల్సిన పనులు మిగిలే ఉన్నాయి.

దీనికి ఎదురు ఉదాహరణ 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్. అందులో యోధుడికీ, మాంత్రికుడికీ, పూజారికీ శక్తులన్నీ ఒకే చట్రంలో అమర్చారు. కొన్ని ఎప్పుడైనా వాడుకోవచ్చు, కొన్ని పోరుకు ఒకసారి, కొన్ని రోజుకు ఒకసారి. తూకం బాగా కుదిరింది. కానీ మంత్రంలో మంత్రమనే భావన పోయిందని, అందరూ ఒకే పని వేర్వేరు పేర్లతో చేస్తున్నారని చాలామంది బాధపడ్డారు. 2014 ఎడిషన్ ఆ చట్రాన్ని వదిలేసింది. బల్ల దగ్గర కూర్చున్న ప్రతి ఒక్కరికీ కథలో నిర్ణయించే వాటా దక్కాలి. ఆటలో సమత్వానికి ఇంతకన్నా మంచి కొలత లేదు.

ఇక మొదటి ప్రశ్నకు వస్తే, వాక్యానికి అర్థం చెప్పే శాస్త్రం భారతీయులకు కొత్తది కాదు. వైదిక విధులకు అర్థం నిర్ణయించడానికి పుట్టిన మీమాంస ఆరు ప్రమాణాలను బలాన్నిబట్టి వరుసగా పేర్చింది: శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య. రెండింటికి పొసగనప్పుడు ముందున్నదే గెలుస్తుంది. నేరుగా చెప్పిన మాటకు సందర్భం కన్నా బలమెక్కువ. ఆటకు కూడా ఇది మంచి మొదటి మెట్టు. అందరి చేతిలోనూ సమానంగా ఉండేది అచ్చులోని మాటే. రాసినవారి మనసులో ఏముందో ఊహించే హక్కును ఒక్కరికే అప్పగిస్తే, మిగిలినవారు ఆ ఒక్కరి దయ మీద ఆడాల్సి వస్తుంది.

కానీ మొదటి మెట్టు మీదే నిలిచిపోతే ‘సిములాక్రమ్’ దగ్గర బోల్తా పడతారు. ఈ మంత్రం మంచుతో ఒక ప్రాణి నకలును తయారు చేస్తుంది. అదే మాంత్రికుడు రెండోసారి వేస్తే పాత నకలు నశిస్తుందని 2014 పుస్తకం హద్దు పెట్టింది. చురుకైన ఆటగాళ్లు ఆ హద్దులో కంత కనిపెట్టారు. మాంత్రికుడు తన నకలునే చేసుకుంటాడు. ఆ నకలు తన దగ్గరున్న ‘విష్’ మంత్రంతో అసలు మాంత్రికుడికి ఇంకో నకలు చేస్తుంది. వేసింది వేరే చెయ్యి కాబట్టి పాతది నశించదు. అలా ఒకదాని వెంట ఒకటిగా మంచు మాంత్రికుల సైన్యం లేస్తుంది. ఒక్క అక్షరమూ తప్పలేదు. కానీ ఆ సైన్యం లేచాక యోధుడికీ, దొంగకూ, పూజారికీ చేయడానికి పనేమీ లేదు. నకలు ఈ మంత్రం వేయలేదన్న మాటను 2024 ప్రతిలో చేర్చారు.

అలాగని ఉద్దేశమే పెద్దదని తేల్చినా చిక్కు తీరదు. ‘విష్’నే చూడండి. తొమ్మిదో స్థాయి మంత్రం, ఆటలో దీన్ని మించింది లేదు. కోరిక ఎంత పెద్దదైతే బెడిసికొట్టే అవకాశం అంత ఎక్కువని పుస్తకమే ఆట నడిపే డంజియన్ మాస్టర్‌కు స్వేచ్ఛ ఇచ్చింది. ప్రతినాయకుడు చావాలని కోరితే, వాడు లేని భవిష్యత్తులోకి కోరినవాడే విసిరివేయబడవచ్చని ఉదాహరణ కూడా ఇచ్చింది. వేరే మంత్రానికి బదులుగా కాక సొంత కోరిక కోసం వాడితే, మళ్లీ ఎన్నడూ దాన్ని వేయలేకపోయే ప్రమాదం 33 శాతం.

ఇక్కడ తెలుగు పాఠకులకు హిరణ్యకశిపుడు గుర్తుకు రాక మానడు. నరసింహుడు బ్రహ్మ ఇచ్చిన వరంలో ఏ షరతునూ మీరలేదు. పగలూ రాత్రీ కాని సంధ్యలో, లోపలా బయటా కాని గడప మీద, ఆయుధం కాని గోళ్లతో పని ముగించాడు. మాట నిలిచింది, అడిగినవాడి ఉద్దేశం ఓడింది. అయినా దాన్ని ఎవరూ మోసం అనరు, ఎందుకంటే ఆ వరాన్ని అతను లోకాన్ని పీడించడానికి వాడాడు. కాలిపోయిన ఊరి జనాన్ని బతికించమని ‘విష్’ వేసిన ఆటగాడి మాటల్లో కంతలు వెతికి, ఊరంతటినీ నడిచే శవాలుగా లేపే డంజియన్ మాస్టర్ చేసేది కూడా అక్షరానుసరణే. అది మాత్రం ద్రోహం. ఆ ఆటగాడు ఎవరి వాటానూ లాక్కోలేదు.

కాబట్టి అక్షరం గొప్పదా, ఉద్దేశం గొప్పదా అన్న ప్రశ్నకు జవాబు వాక్యం లోపల దొరకదు. ఈ అర్థం వల్ల బల్ల దగ్గర ఎవరు నష్టపోతున్నారని అడగాలి. ఎవరూ నష్టపోనప్పుడు మాటకు కట్టుబడి ఉండటమే మేలు. ఒకరి వాటాను మరొకరు మింగేస్తున్నప్పుడు మాటను పక్కన పెట్టే అధికారం ఆట నడిపేవారికి ఉండాలి.

ఆ అధికారానికీ హద్దులు కావాలి. పాచిక పడకముందే తీర్పు చెప్పాలి. మంత్రం ఏం చేస్తుందో, ఏం మూల్యం అడుగుతుందో విన్న ఆటగాడికి వెనక్కి తగ్గే వీలుండాలి. ఆటగాళ్ల మంత్రానికి చెప్పిన అర్థమే శత్రు మాంత్రికుడి మంత్రానికీ వర్తించాలి. తీర్పు సరిగా లేదని తర్వాత తేలితే, ఆ సంగతి అందరి ముందూ చెప్పి, వచ్చే వారం ఆటకు కొత్త నియమం రాసుకోవచ్చు.