అయ్యది ఏ సెక్షను?

మా అయ్య ఏరోడ్రోంలో పనిచేసేవాడని నా పిల్లలకి చెప్పాను. ఏం పనో చెప్పలేదు. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. దాన్ని ఏమనాలో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఓ ఆదివారం ఇద్దర్నీ విశాఖ బీచ్ రోడ్డులో విమానం మ్యూజియానికి తీసుకెళ్ళాం. కురుసుర సబ్‌మెరైన్‌కి ఎదురుగా నిలబెట్టిన టీయూ-142. సోవియట్ వాళ్ళు చేసింది. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకీ ఒకదానికొకటి ఎదురు తిరిగే రెండేసి పంకాలు. ఈ రకం విమానాలు 1988 నుంచి 2017 దాకా సముద్రం మీద ఎగురుతూ సబ్‌మెరైన్లని వెతికాయి. మ్యూజియాన్ని 2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. "ఆయన మనోడేరా" అని పిల్లలకి టక్కున చెప్పేశాను. ఛాతీ కూడా కొంచెం ఉబ్బే ఉంటుంది.

లోపల మావాడు అక్కడి ఉద్యోగితో, "మా తాత కూడా విమానాల దగ్గర పనిచేశాడు" అన్నాడు.

"అలాగా! ఏ సెక్షనండీ?" ఆయన నన్నడిగాడు.

"గ్రౌండు స్టాఫండీ" అన్నాను. నా భార్య మొహం తిప్పేసుకుంది.

మేం రెల్లోళ్ళం. మా అయ్య కాంట్రాక్టరు కింద రన్‌వే ఊడ్చేవాడు. తెల్లారగట్ల వంగి రాళ్ళూ మేకులూ ఏరేవాడు. విమానాల్లో దొడ్లు కడిగేవాడు. కాంటీన్లో ఆయన గ్లాసు వేరే. ఒక్కసారి కూడా విమానం ఎక్కకుండానే పోయాడు. ఆ గ్లాసు గురించి నేను ఎన్ని మీటింగుల్లో మాట్లాడానో! ఇంట్లో మాత్రం ఆ మనిషిని మాటల్లోనే దూరంగా నిలబెట్టాను. కాంటీనువాడు చేసిందీ అదే కదా. రాష్ట్రపతి మనోడైతే, చీపురు పట్టినోడు ఎవడు?

విమానం రెక్క కింద నిలబడి నాకు నేనే సర్దిచెప్పుకోబోయాను. అయ్యది చిన్న పనా? 2000 జూలై 25న పారిస్ దగ్గర కాంకార్డ్ కూలి 113 మంది చనిపోయారు. వేరే విమానం నుంచి రన్‌వే మీద రాలిన లోహపు ముక్క దాని టైరు పేల్చింది. అలాంటి ముక్కల్నే మా అయ్య ఏరేవాడు. ఇలా చెబితే పిల్లలు గర్వపడతారు.

కానీ అక్కడే నాకు భయం వేసింది. చీపురుకి దండేసి దణ్ణం పెట్టేవాళ్ళు, దాన్ని మళ్ళీ మన చేతికే ఇస్తారు. పాకీపనిని గాంధీ పవిత్రం చేసి మాట్లాడితే అంబేడ్కర్ 1945 నాటి పుస్తకంలో దాన్ని ఏకేసింది అందుకే. విమానం కూలకపోతేనే మా అయ్యకి విలువా? రాళ్ళే లేని రన్‌వే అయితే ఆయన మనిషి కాకుండా పోతాడా? దాచితే సిగ్గు, పొగిడితే ఉచ్చు. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి సగం మాటలు ఉండే ఉంటాయి.

బయటికొచ్చి ఇసకలో కూచుని ఉన్నదున్నట్టు చెప్పాను. గ్లాసు సంగతీ, దొడ్ల సంగతీ, "గ్రౌండు స్టాఫ్" అని నేను తప్పించుకున్న సంగతీ. మావాడు మాట్లాడలేదు, ఇసకలో గీతలు గీస్తూ కూచున్నాడు. పాప మాత్రం అడిగింది:

"మరి ఇప్పుడెవరు ఊడుస్తున్నారు నాన్నా?"

"మీ బాబాయే అమ్మా, మా చిన్నాన్న కొడుకు. ఇప్పుడు మిషనొచ్చింది. దాని వెనకాల నడుస్తాడు."