కూర్మపూజయు కూర్మవధయు

శ్రీకాకుళము జిల్లాలోని శ్రీకూర్మ క్షేత్రమున మహావిష్ణువు కూర్మరూపమున పూజలందుచున్నాడు. ఆ యాలయమున నక్షత్ర తాబేళ్లను పెంచుచు, భక్తులు వానికి ప్రీతితో ఆహార మిడుచుందురు. ఆ జిల్లా తీరముననే, దక్షిణమున విశాఖపట్టణ, కాకినాడ తీరములందును, చలికాలము కడపట వేఱొక దృశ్యము కాననగును: చచ్చి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన సముద్రపు తాబేళ్లు. ఆలయమున కూర్మమునకు మ్రొక్కి, కడలిలో కూర్మమును చంపు మన భక్తి యెట్టిది? ఒరుల నిందించుటకు గాక, మమ్ము మేమే ప్రశ్నించుకొనుటకు ఈ మాట యెత్తుచున్నాము.

ఆలివ్ రిడ్లే యను ఈ తాబేలు బంగాళాఖాతపు తీరములకు గ్రుడ్లు పెట్టుటకై వచ్చును. రాత్రివేళ ఇసుకలో గుంత త్రవ్వి, నూఱు గ్రుడ్ల వఱకు పెట్టి, పూడ్చి మరలిపోవును. నెలన్నర మొదలు రెండు నెలల లోపల పిల్లలు వెలువడును. వేయి పిల్లలలో ఒక్కటి మాత్రమే పెరిగి పెద్దదగునని శాస్త్రజ్ఞుల యంచనా. కావున పెద్ద తాబేలొకటి చచ్చిన నష్టము ఒక్క ప్రాణముతో పోవునది కాదు.

తాబేలు చేపవలె నీటిలో శ్వాసింపజాలదు. దానికి ఊపిరితిత్తులు గలవు. రొయ్యలకై మరపడవలు గంటల తరబడి యీడ్చు ట్రాలు వలలో చిక్కినచో, పైకి రాలేక ఊపిరాడక చచ్చును. జాలరి దానిని కోరలేదు. దానివలన అతనికి లాభమును లేదు. కోరక చేసిన హత్య పాపమగునా యని కొందఱడుగుదురు. తెలియక చేసినదానికి క్షమ కలదు. తెలిసియు, తప్పించు నుపాయము చేతనుండియు ఉపేక్షించినచో దానిని అజ్ఞానమనరాదు, అది అపరాధమే.

ఉపాయమా, కలదు. వల మధ్యమున కడ్డీల చట్రమొకటి అమర్చినచో రొయ్యలు సందుల గుండ వెనుకకు పోవును. తాబేలు చట్రమునకు తగిలి, పైనుంచిన ద్వారమున వెలుపలికి పోవును. మన పడవలకు తగినదానిని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధనా సంస్థ రూపొందించినది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ జీవిని మొదటి షెడ్యూలున చేర్చినది. అయినను ఆ ద్వారమున కొంత రొయ్యయు జారిపోవునని జాలరులు వెనుదీయుచున్నారు. వారి భయము అబద్ధము కాదు. అప్పు చేసి పడవ నడుపువానికి జారిన ప్రతి రొయ్యయు బిడ్డల కూడే. కడుపు నిండినవారు అతనికి అహింసను బోధించుట సులభము.

చేపలు పిల్లలు పెట్టు కాలమని యేటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు, 61 దినములు, తూర్పుతీరమున యాంత్రిక వేట నిషిద్ధము. ఆ కాలమున ఆంధ్ర ప్రభుత్వ మిచ్చు భృతి 2025లో 20,000 రూపాయలకు పెరిగినది. సంఘము భారమును పంచుకొనినచో జాలరియు త్యాగమునకు వెనుదీయడని దీనివలన తెలియుచున్నది. కాని తాబేళ్లు ముఖ్యముగా జనవరి మొదలు మార్చి వఱకు గ్రుడ్లు పెట్టును. నిషేధము నాటికి ఆ కాలము దాదాపు ముగియును. జారిపోవు రొయ్యకును అట్టి పరిహారమే యేల యీయరాదు?

మఱి కొనువారి మాట యేమి? తాబేళ్లను కాపాడని వలలతో పట్టిన రొయ్యలు తమకు వలదని అమెరికా 1989లోనే శాసనము చేసినది. 2019లో మన సముద్రపు రొయ్యలను నిరాకరించినది. పరదేశపు కొనుగోలుదారుడడిగిన ప్రశ్నను మన గృహిణి యడుగుట కేమి యడ్డము? రొయ్యలు తిను మనము వలకు దూరముగ నున్నామని దోషమునకు దూరము కాజాలము.

తీరవాసులకు మఱికొన్ని విధులు గలవు. పిల్లలు వెలుతురు గల దిక్కు సముద్రమని నడచును. ఒడ్డున దీపములు వెలిగినచో ఊరివైపు నడచి నశించును. ఆ ఋతువున దీపములు తగ్గింతము. తెగిన వలలను, ప్లాస్టికును కడలిలో వేయకుందము. గ్రుడ్లను కుక్కలనుండి కాపాడి పిల్లలను కడలికి విడుచు అటవీశాఖవారికి తోడ్పడుదము. శ్రీకూర్మమునకు పోవువారు ఒకసారి సముద్రపుటొడ్డునకును పోయి చూచి రావలయునని మా ప్రార్థన.