గోశాల ద్వారమున దాత ధర్మము ముగియునా?

విజయవాడనుండి హైదరాబాదునకు పోవు రహదారిపై, నందిగామ చేరకమునుపే పరిటాల గ్రామము కలదు. 2003వ సంవత్సరమున అచట వెలసిన 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహమును దూరమునుండియే దర్శించి యాత్రికులు చేతులు జోడింతురు. ఆ నేలకు వేరొక ప్రసిద్ధియు కలదు. గోలకొండ ప్రభువుల కాలమున ఈ ప్రాంతపు వజ్రపు గనులు దేశాంతరములందు సైతము పేరొందినవి. కాలక్రమమున గనులు అడుగంటినవి. ఐనను నేలను ఎవరును పారవేయలేదు. వజ్రములీయజాలని నేల పైరునేలయై అన్నము పెట్టినది.

వట్టిపోయిన గనికి లభించిన ఈ రెండవ జీవితము, ఆ నేలనే దున్ని అలసిన ఎద్దునకు లభించుచున్నదా? ట్రాక్టరు వచ్చినది, కాడి అటకెక్కినది. పాలకొరకు పెంచు సంకరజాతి ఆవునకు కోడెదూడ పుట్టినచో, దానికి మూపురము లేదు, కాడికి కుదురదు. పుట్టిన నాడే అది ఇంటికి బరువగుచున్నది. ఆంధ్రప్రదేశమున 1977 నాటి చట్టము ఆవును, దూడను వధింపరాదని శాసించినది. చంపరాదని చట్టము చెప్పినది. మేపవలసిన వారెవరో ధర్మము చెప్పవలయును.

పాడిక్షేత్రమునకును సంరక్షణశాలకును భేదమిచటనే తెలియును. పాడిక్షేత్రపు లెక్క పాలకుండతో మొదలగును. ఆవు ఈనిన పిదప రమారమి పది నెలలు పాలిచ్చును. ఆ పది నెలల ఆదాయమే దానిని నిలుపును. సంరక్షణశాల లెక్క ఆకలితో మొదలగును. తిరుపతిలో దేవస్థానమువారు 1956లో నెలకొల్పిన డెయిరీ ఫారము తరువాత శ్రీవేంకటేశ్వర గోసంరక్షణశాలగా మారినది. ఈ మార్పు ఫలకముపై అక్షరముల మార్పు మాత్రము కాదు. పాలిచ్చునది స్వామి సేవకు ఉపకరించును, ఈయలేనిది స్వామి శరణు పొందును అను ప్రతిజ్ఞ ఆ నామమున ఇమిడియున్నది. గజేంద్రుడు మొరపెట్టినపుడు, ఇతనివలన నాకేమి లాభమని శ్రీహరి విచారింపలేదు గదా!

ఐతే ఆ ప్రతిజ్ఞను నిలుపువారెవరు? సింహాచల క్షేత్రమున శ్రీవరాహలక్ష్మీనృసింహస్వామికి కోడెదూడను మ్రొక్కుకొని సమర్పించుట తరతరముల ఆచారము. 2013లో అచటి గోశాలలో దూడలు పెద్దసంఖ్యలో మరణించినపుడు భక్తలోకము తల్లడిల్లినది. పుట్టిన తొలి గంటలలో త్రాగు జున్నుపాలే దూడకు రోగములను తట్టుకొను శక్తినిచ్చును. పిమ్మట కొన్ని వారములు తన బరువులో పదవవంతు పాలు దినదినము దానికి కావలయును. తల్లిపొదుగునుండి విడదీసి, ఎండలో దూరము నడపించి తెచ్చిన పసిదూడను వందల దూడల నడుమ వదలినచో, ఎంత పెద్ద గోశాలయైనను తల్లి కాజాలదు.

మ్రొక్కుబడి పవిత్రమే. కాని ఒక ప్రశ్న ప్రతి గృహస్థుడును తన్ను తాను అడుగుకొనవలయును. మనము స్వామికి సమర్పించుచున్నది ఇంటిలో ప్రియమైనదా, లేక ఇంటికి అక్కరలేనిదా? రెండవదే ఐనచో, అది సమర్పణమగునా, వదిలించుకొనుటయగునా?

భాగవతమున నృగమహారాజు కథ ఎరుగనివారు లేరు. లెక్కలేనన్ని గోవులను దానము చేసిన మహాదాత ఆయన. ఒక విప్రునికిచ్చిన ఆవు దారితప్పి మరల రాజు మందలో కలిసినది. రాజు గుర్తింపక దానినే వేరొక విప్రునికిచ్చెను. ఆ దోషమున ఊసరవెల్లియై నూతిలో పడియుండి, తుదకు శ్రీకృష్ణుని హస్తస్పర్శతో విముక్తుడయ్యెను. బ్రహ్మస్వము అపహరింపరాదనుట ఈ కథ ప్రధానబోధ. దానిలో వేరొక హెచ్చరికయు కలదు. రాజునకు దానముల సంఖ్యపై గల శ్రద్ధ, ఇచ్చిన ఆవు ఏ దారి పట్టినదో చూచుటయందు లేకపోయెను. దానము చేతినుండి జారినంతనే దాత బాధ్యత జారిపోదు.

పేదరైతు మాటయేమని కొందరడుగవచ్చును. కౌలునేలపై బ్రతుకువానికి తన బిడ్డల గ్రాసమే కష్టము. పెద్ద పశువునకు దినమునకు అయిదారు కిలోల ఎండుమేత, ఇరువది కిలోలకు తక్కువకాని పచ్చిమేత కావలయును. అతడు గోశాలను ఆశ్రయించుట తప్పు కాదు. అతని దూడ పాలు త్రాగి పెరిగిన ఊరు, ఆ దూడ తల్లి పాలతో కాఫీ కాచుకొన్న పట్టణము చేతులు ముడుచుకొని కూర్చుండుటయే తప్పు. పాలను అందరు పంచుకొన్నపుడు ముసలితనపు భారము ఒక్కనిదెట్లగును?

కావున కోడెను సమర్పించువారు దూడ పాలు మరచి మేతకు అలవడిన పిదపనే దానిని తీసికొనిపోవలయును. శక్తిగలవారు దానితోపాటు ఏడాది గ్రాసమునకు తగిన ద్రవ్యమునుకూడ సమర్పింపవలయును. దర్శనమునకు పోయినపుడు గోశాలకును పోయి, తామిచ్చిన ప్రాణి ఎట్లున్నదో చూడవలయును. దూడను తోలుకొనిపోలేనివారు ఒక గడ్డిమోపును మోసికొనిపోయినను చాలును. స్వామి సన్నిధిలో రెండును సమర్పణలే. గడ్డిమోపు కొరకు ఎదురుచూచు ప్రాణులు గోశాలలో ఎప్పుడును ఉండును.